రెఫరెండంలో ఓడిన పార్టీ ఎనిమిది నెలల్లో ఎన్నికలు ఊడ్చేసింది. ఇదెలా సాధ్యం?

#1 ప్రశ్నార్థకం

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా బుర్ర తొలిచేస్తున్న ప్రశ్న.

2014 సెప్టెంబరు 18న స్కాట్లాండ్‌లో "స్కాట్లాండ్ స్వతంత్ర దేశం కావాలా?" అని రెఫరెండం పెట్టారు. వద్దన్నవాళ్లు 55.3 శాతం, కావాలన్నవాళ్లు 44.7 శాతం. దాదాపు 3.84 లక్షల ఓట్ల తేడా. స్వాతంత్ర్యం అడిగిన ఎస్‌ఎన్‌పీ (స్కాటిష్ నేషనల్ పార్టీ) ఓడిపోయింది. వాళ్ల నాయకుడు అలెక్స్ సాల్మండ్ మర్నాడే రాజీనామా ప్రకటించాడు. అక్కడితో ఆ పార్టీ పని అయిపోయిందనే ఎవరైనా అనుకుంటారు.

2015 మేలో బ్రిటన్ పార్లమెంటు ఎన్నికలొచ్చాయి. స్కాట్లాండ్‌లో మొత్తం 59 సీట్లు. ఎస్‌ఎన్‌పీకి 56! అంతకుముందు 2010లో వాళ్లకు వచ్చినవి 6. రెఫరెండంలో గెలిచిన వైపు ముందుండి నడిపించిన లేబర్ పార్టీ 41 నుంచి ఒక్క సీటుకి పడిపోయింది.

గెలిచినవాడు మునగడం, ఓడినవాడు తేలడం ఏమిటి? ఓటర్లు ఎనిమిది నెలల్లో మనసు మార్చుకున్నారా? తెలిసినవాళ్లు కాస్త విడమర్చి చెప్పండి.

#2 లెక్కల మాస్టారు

మనసు మార్చుకోనక్కర్లేదు బాబూ. లెక్క చూడు.

రెఫరెండంలో ఉండేవి రెండే గడులు. అక్కడ 45 శాతం వస్తే ఓటమే. పార్లమెంటు ఎన్నికల్లో ప్రతి నియోజకవర్గంలోనూ నలుగురైదుగురు పోటీ పడతారు, అందరికంటే ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవాడిదే సీటు. అక్కడ అదే 45 శాతం బంపర్ లాటరీ. కావాలన్నవాళ్లంతా ఒకే గుర్తు వెనక నిలబడ్డారు. వద్దన్నవాళ్లు లేబర్, కన్సర్వేటివ్, లిబరల్ డెమోక్రాట్లని మూడు ముక్కలయ్యారు. అంతే సంగతి.

అంకెలు కూడా అదే చెబుతున్నాయి. 2014లో "అవును" ఓట్లు 16.18 లక్షలు. 2015లో ఎస్‌ఎన్‌పీకి పడినవి 14.54 లక్షలు. ఇంచుమించు అవే ఓట్లు అటు నుంచి ఇటు జరిగాయి.

#3 పాత పేపర్లు

మాస్టారూ, మీ లెక్క సగమే కరెక్టు. 2015లో లేబర్‌కి 7.07 లక్షలు, కన్సర్వేటివ్‌లకి 4.34, లిబ్ డెమ్‌లకి 2.20. మూడూ కలిపితే 13.61 లక్షలు. ఎస్‌ఎన్‌పీ ఒక్కదానికే 14.54. అంటే సరిగ్గా 50 శాతం. చీలికే అసలు కారణమైతే ముగ్గురినీ కలిపితే గెలవాలి కదా. కలిపినా ఓడిపోతున్నారు!

అసలు కథ వేరేచోట ఉంది. "వద్దు" అన్నవాళ్లు 20 లక్షలు. ఎనిమిది నెలల తర్వాత ఆ మూడు పార్టీలకీ వచ్చింది 13.6 లక్షలే. మిగతావాళ్లేమయ్యారు? రెఫరెండానికి 84.6 శాతం మంది ఓటేస్తే పార్లమెంటు ఎన్నికలకు 71.1 శాతమే వేశారు. గెలిచినవాళ్లలో చాలామంది "మన పని అయిపోయింది" అని ఇంట్లో కూర్చున్నారు, కొందరు ఎస్‌ఎన్‌పీకే వేశారు. ఓడినవాళ్లకు కడుపుమంట ఆరలేదు, పోలింగ్ బూత్‌కి పరిగెత్తారు.

(16, 17 ఏళ్ల పిల్లలకు, యూరోపియన్ యూనియన్ దేశాల పౌరులకు 2014లో ఓటుంది, 2015లో లేదు. కాబట్టి రెండు జాబితాలూ ఒకటి కావు. ఆ మాట ముందే ఒప్పుకుంటున్నా, మళ్లీ ఎవరూ పట్టుకోవద్దు.)

#4 లెక్కల మాస్టారు

చీలికే మొత్తం కారణమన్నట్టు రాశాను, తప్పు నాదే. అయితే 50 శాతం ఓట్లకు 95 శాతం సీట్లు రావడానికి చీలికే కారణం. ఆ ముక్క మాత్రం వదలను.

#5 ఉడుకుబుర్ర

ఇన్ని అంకెలెందుకండీ. సెంటిమెంట్ రాజేశారు, ఓట్లు పండాయి. ఏ ప్రాంతీయ పార్టీ అయినా ఇదే ఫార్ములా వాడొచ్చు. ఓడినా పర్లేదు, ఒక రెఫరెండం పెట్టు, జనాన్ని రెండుగా చీల్చు, తర్వాత ఇరవై ఏళ్లు ఏలుకో.

#6 క్లైడ్ ఒడ్డున

ఆ రోజుల్లో నేను గ్లాస్గోలో పీజీ చేస్తున్నా. చాలామందికి తెలియని సంగతి ఒకటి చెప్పనా? కామన్వెల్త్ దేశాల పౌరులకు, అక్కడ నివాసం ఉండి వీసా సక్రమంగా ఉంటే, ఆ రెఫరెండంలో ఓటు హక్కు ఉంది. అంటే ఇండియా నుంచి వెళ్లిన నాలాంటి స్టూడెంట్లకు కూడా! ఒక దేశం ఉండాలా విడిపోవాలా అన్నదానిపై నేను ఓటేశానంటే ఇప్పటికీ నాకే నమ్మబుద్ధి కాదు.

ఉడుకుబుర్ర గారూ, "సెంటిమెంట్ రాజేశారు" అన్న ఒక్క మాటతో తేల్చేస్తే అక్కడ జరిగింది సగం కూడా అర్థం కాదు. ఏడాది పైగా బస్సులో, లైబ్రరీలో, బార్బర్ షాపులో ఇదే చర్చ. పౌండ్ ఉంటుందా పోతుందా, ఉత్తర సముద్రం చమురు ఎన్నాళ్లొస్తుంది, పెన్షన్ ఎవరిస్తారు, అణు జలాంతర్గాములు ఎక్కడికి పోతాయి. రాజకీయం అంటే మొహం తిప్పుకునే నా రూమ్మేట్ కూడా వీటి గురించి వాదించేవాడు. అలా నెలల తరబడి "నేను ఇటు" అని చెప్పుకుని, కోటుకి బ్యాడ్జి పెట్టుకుని తిరిగినవాడు ఓడిన మర్నాడు ఆ బ్యాడ్జి తీసి డ్రాయర్లో పడేసి మామూలైపోడు.

ఆ మర్నాడు పొద్దున్న జరిగింది చూడండి. ఫలితం వచ్చిన గంటల్లోనే ప్రధాని డేవిడ్ కామెరాన్ డౌనింగ్ స్ట్రీట్ బయటికొచ్చి, ఇంగ్లాండ్ చట్టాలపై ఇంగ్లాండ్ ఎంపీలే ఓటేసే సంగతి కూడా తేల్చాలన్నాడు. పోలింగ్‌కి రెండ్రోజుల ముందు మూడు పార్టీల నాయకులూ కలిసి డైలీ రికార్డ్ పత్రిక మొదటి పేజీలో "వద్దంటే మరిన్ని అధికారాలిస్తాం" అని ప్రతిజ్ఞ చేశారు. ఆ సిరా ఆరకముందే ఇంగ్లాండ్ సంగతి ఎత్తాడన్నమాట. "అవును" వేసినవాళ్లకే కాదు, "వద్దు" వేసిన కొందరికి కూడా చివుక్కుమంది. తర్వాత కొన్ని వారాల పాటు ఎస్‌ఎన్‌పీలో చేరడానికి జనం ఎగబడ్డారు. అంతకుముందు పాతికవేల చిల్లర ఉన్న సభ్యత్వం 2015 మార్చికి లక్ష దాటింది. స్కాట్లాండ్ జనాభా యాభై లక్షల పైచిలుకు, దాంతో పోల్చి చూడండి.

#7 ప్రశ్నార్థకం

క్లైడ్ గారూ, మీరు ఎటు వేశారో అడగొచ్చా? 🙂

#8 క్లైడ్ ఒడ్డున

అడగొచ్చు. నేను చెప్పను.

#9 పాత పేపర్లు

లేబర్ పార్టీకి ఏం జరిగిందో చెప్పకుండా ఈ కథ పూర్తికాదు. కొంచెం పొడుగు పోస్టు, ఓపిక పట్టండి.

రెఫరెండానికి ముందు స్కాట్లాండ్ ఓటరుకి ఒక అలవాటుంది. ఎడిన్‌బరోలోని హోలీరూడ్‌ పార్లమెంటుకి ఎస్‌ఎన్‌పీ, లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్‌కి లేబర్. 2010 మేలో లేబర్‌కి 41 సీట్లిచ్చినవాళ్లే, సరిగ్గా ఏడాదికి, 2011 మేలో హోలీరూడ్‌లో ఎస్‌ఎన్‌పీకి 129లో 69 ఇచ్చారు. అసలు ఆ సభ ఎన్నిక పద్ధతి ఒక్క పార్టీకి పూర్తి మెజారిటీ రావడం కష్టమయ్యేలా ఉంటుంది. అయినా వచ్చింది. ఆ మెజారిటీ వల్లే 2012 అక్టోబరులో ఎడిన్‌బరో ఒప్పందం కుదిరి రెఫరెండం పెట్టగలిగారు.

ఓటరు మనసులో రెండు అరలుండేవి. లండన్‌లో టోరీలను (కన్సర్వేటివ్‌లను) ఎదుర్కోవడానికి ఒకడు, ఇంటి సంగతి చూడటానికి ఇంకొకడు. ఇందులో వైరుధ్యం ఉందని ఎవరికీ అనిపించలేదు. రెఫరెండం వచ్చి ఆ రెండు అరల మధ్య గోడ కూల్చేసింది.

ఎలాగంటే, "వద్దు" ప్రచారానికి 'బెటర్ టుగెదర్' అని ఉమ్మడి వేదిక పెట్టారు. దానికి ముందు నిలబడింది లేబర్ మాజీ ఆర్థికమంత్రి అలిస్టర్ డార్లింగ్. వెనక ఉన్నది కన్సర్వేటివ్‌లు, లిబ్ డెమ్‌లు. థాచర్ కాలం నుంచీ స్కాట్లాండ్ కార్మిక వాడల్లో టోరీ అంటే తిట్టు కింద లెక్క. 2010లో ఆ పార్టీకి అక్కడ వచ్చింది ఒకే ఒక్క సీటు. అలాంటివాళ్లతో లేబర్ నాయకులు ఒకే వేదిక మీద చప్పట్లు కొడుతుంటే, తాతల కాలం నుంచీ లేబర్‌కే ఓటేసిన కుటుంబాలకు ఎలా ఉంటుంది? "రెడ్ టోరీలు" అన్న ముద్ర అప్పుడే గట్టిగా పడింది. గ్లాస్గోనే తీసుకోండి. 2010లో ఏడుకి ఏడు సీట్లూ లేబర్‌వే. రెఫరెండంలో అదే ఊరు 53.5 శాతం "అవును" అంది. 2015లో ఏడుకి ఏడూ ఎస్‌ఎన్‌పీకి.

ఆ పైన 2014 అక్టోబరులో స్కాట్లాండ్ లేబర్ నాయకురాలు జోహాన్ లామాంట్ రాజీనామా చేస్తూ, లండన్ పార్టీ తమని బ్రాంచి ఆఫీసులా చూస్తోందని అనేసింది. ఎస్‌ఎన్‌పీ ఏళ్ల తరబడి చేస్తున్న విమర్శకి సొంత నాయకురాలే సంతకం పెట్టినట్టయింది. ఆమె తర్వాత వచ్చిన జిమ్ మర్ఫీ తన సీటే పోగొట్టుకున్నాడు. లేబర్ ఎన్నికల ప్రచార బాధ్యుల్లో ఒకడైన డగ్లస్ అలెగ్జాండర్‌ని ఓడించింది మైరీ బ్లాక్ అనే ఇరవై ఏళ్ల కాలేజీ అమ్మాయి! గ్లాస్గో నార్త్ ఈస్ట్‌లో లేబర్ నుంచి ఎస్‌ఎన్‌పీకి ఓట్ల మళ్లింపు (స్వింగ్) 39 శాతం. జన్మలో అలాంటి స్వింగ్ చూడలేదు నేను.

మొత్తానికి లేబర్ రెంటికీ చెడ్డ రేవడి అయింది. స్వాతంత్ర్యం కావాలన్నవాళ్లకి టోరీల తోకలా కనిపించింది, వద్దన్నవాళ్లకి గట్టిగా వద్దనే పార్టీలా కనిపించలేదు.

#10 లెక్కల మాస్టారు

చివరి ముక్క బాగా చెప్పారు. దాని ఫలితం 2016 హోలీరూడ్ ఎన్నికల్లో కనబడింది. ఎస్‌ఎన్‌పీ 63, కన్సర్వేటివ్‌లు 31, లేబర్ 24. స్కాట్లాండ్‌లో టోరీలు లేబర్‌ని దాటి రెండో స్థానానికి రావడం! అక్కడి టోరీ నాయకురాలు రూత్ డేవిడ్సన్ ప్రచారమంతా "రెండో రెఫరెండం వద్దు" అన్న ఒక్క మాట చుట్టూనే తిరిగింది. ఒక కొసన ఎస్‌ఎన్‌పీ, ఇంకో కొసన టోరీలు నిలబడి తాడు లాగుతుంటే, పన్నుల గురించి ఆసుపత్రుల గురించి మాట్లాడదామన్న లేబర్ మాట వినే నాథుడు లేకపోయాడు.

#11 ఉడుకుబుర్ర

నేనన్నదీ అదేగా! చీల్చితే ఇద్దరికీ లాభం, మధ్యలోవాడికి నష్టం. ఫార్ములా పని చేసింది. అందరూ కలిసి నన్ను తిట్టడం ఎందుకో.

#12 నిర్వాహకుడు

ఎవరూ తిట్టలేదు. అందరం విషయం మీదే ఉందాం.

#13 మాపుల్ ఆకు

ఉడుకుబుర్ర తమ్ముడూ, నీ ఫార్ములాకి కెనడాలోని క్యుబెక్‌లో పరీక్ష పెడదాం. పాతికేళ్లుగా నేనుండేది మాంట్రియల్‌లో.

1980 మే 20న మొదటి రెఫరెండం. రెనే లెవెక్ నాయకత్వంలోని పార్టీ క్యుబెక్వా (పీక్యూ) ప్రభుత్వం "సార్వభౌమత్వం, కెనడాతో ఆర్థిక పొత్తు" అని అడిగింది. 59.6 శాతం వద్దన్నారు. స్కాట్లాండ్ కంటే పెద్ద ఓటమి. ఏడాది తిరక్కముందే 1981 ఏప్రిల్‌లో రాష్ట్ర ఎన్నికలొస్తే అదే పీక్యూ 122లో 80 సీట్లతో మళ్లీ గెలిచింది. ఇంతవరకు నీ మాట నిజమే అనిపిస్తుంది.

అయితే ఎలా గెలిచిందో చూడు. వచ్చే ఐదేళ్లలో రెఫరెండం పెట్టబోమని మాటిచ్చి గెలిచింది! పాలన బాగుంది, విడిపోయే భయం లేదు, ఉండనిద్దాం అనుకున్నారు జనం. జనాన్ని చీల్చి గెలవలేదు, చీలికని పక్కన పెట్టి గెలిచింది. పైగా రెఫరెండానికి మూడు నెలల ముందే, 1980 ఫిబ్రవరి ఫెడరల్ ఎన్నికల్లో క్యుబెక్ ఓటర్లు కెనడా ఐక్యతకు కట్టుబడ్డ పియర్ ట్రూడో పార్టీకి 75లో 74 సీట్లిచ్చారు. రాజధాని ఒట్టావాలో ట్రూడో, ఇక్కడ లెవెక్. పాత పేపర్లు గారు చెప్పిన రెండు అరలే. ఇక్కడ రెఫరెండం తర్వాత కూడా ఆ గోడ కూలలేదు.

స్కాట్లాండ్‌లో కూలి ఇక్కడెందుకు కూలలేదంటావా? అప్పుడు ఫెడరల్ పార్లమెంటుకి పోటీ చేసే చెప్పుకోదగ్గ స్వాతంత్ర్యవాద పార్టీయే లేదు. 'అవును' అన్న 40 శాతానికి ఒట్టావా బ్యాలెట్ మీద సొంత గడి లేదు. అది 1990ల్లో వచ్చింది. క్యుబెక్‌కి రాజ్యాంగంలో ప్రత్యేక గుర్తింపు ఇవ్వాలనుకున్న మీచ్ లేక్ ఒప్పందం 1990లో కుప్పకూలాక లూసియన్ బూషార్ బ్లాక్ క్యుబెక్వా పెట్టాడు. 1993లో అది 54 సీట్లు గెలిచి కెనడా పార్లమెంటులో అధికారిక ప్రతిపక్షం అయి కూర్చుంది. దేశాన్ని విడగొడతామనే పార్టీ ఆ దేశానికే ప్రతిపక్షం! అప్పటిదాకా ఏలుతున్న ప్రోగ్రెసివ్ కన్సర్వేటివ్‌లకు దేశం మొత్తం మీద 16 శాతం ఓట్లొచ్చి సీట్లు మాత్రం రెండే మిగిలాయి.

కాబట్టి రెఫరెండం ఒక్కటే చాలదు. 'అవును' అన్నవాళ్ల ఓట్లు పోగయ్యే పాత్ర ఉండాలి. స్కాట్లాండ్‌లో రెండు సభలకీ ఒకే పార్టీ ఉండటం ఎస్‌ఎన్‌పీ అదృష్టం.

#14 ప్రశ్నార్థకం

ఇది కొత్త కోణం. మరి 1995 తర్వాత?

#15 మాపుల్ ఆకు

1995 అక్టోబరు 30. వద్దు 50.58, అవును 49.42. తేడా 54,288 ఓట్లు. 93 శాతం పైగా పోలింగ్. ఆ రాత్రి టీవీ ముందు కూర్చున్నవాళ్ల టెన్షన్ గురించి ఇక్కడి పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతుంటారు. ముఖ్యమంత్రి జాక్ పారిజో ఓటమికి డబ్బూ, "ఎత్నిక్ ఓట్లూ" కారణమన్నాడు. ఆ ఒక్క మాట వలసవాళ్లలో పీక్యూకి చేసిన నష్టం ఇంకా పూడలేదు. మర్నాడే రాజీనామా ప్రకటించాడు. 1998లో పీక్యూ 125లో 76 సీట్లతో గెలిచింది, అదీ లిబరల్స్ కంటే తక్కువ ఓట్లతో. లెక్కల మాస్టారు గారు మురిసిపోయే లెక్క.

ఆ తర్వాత అసలు మలుపు వచ్చింది. "మళ్లీ రెఫరెండమా?" అన్న విసుగే ఒక ఓటు బ్యాంకు అయిపోయింది. 2014 ఏప్రిల్ ఎన్నికల్లో పీక్యూ తరఫున మీడియా అధిపతి పియర్ కార్ల్ పెలాడో బరిలోకి దిగి, పిడికిలి ఎత్తి క్యుబెక్‌ని దేశం చేయాలన్నాడు. అంతే! అప్పటిదాకా ముందంజలో ఉన్న పార్టీ ప్రచారం పట్టాలు తప్పింది. లిబరల్స్‌కి 70, పీక్యూకి 30. తమ్ముడూ, నీ ఫార్ములా ఇక్కడ పేలింది, కాకపోతే వాడినవాడి చేతిలోనే.

2018లో ఇంకోటి. పీక్యూ మాజీ మంత్రి ఫ్రాన్స్వా లెగో సొంత పార్టీ పెట్టి, స్వాతంత్ర్యం ఊసెత్తబోమని, క్యుబెక్ భాషనీ అస్తిత్వాన్నీ మాత్రం కాపాడతామని చెప్పి 74 సీట్లు గెలిచాడు. యాభై ఏళ్లలో లిబరల్స్, పీక్యూ కాని పార్టీ గెలవడం అదే మొదలు. పీక్యూకి మిగిలినవి పది.

#16 ఉడుకుబుర్ర

సరే అన్నా, పెలాడో పిడికిలి దగ్గర నేను ఓడిపోయా. ఒప్పుకుంటున్నా.

#17 బార్సా పిచ్చోడు

స్పెయిన్‌లోని కాటలోనియా గురించి ఎవరూ ఎత్తరేం? నేను ఫుట్‌బాల్ ద్వారా ఈ రాజకీయాల్లో పడ్డవాడిని, తప్పులుంటే సరిదిద్దండి.

2017 అక్టోబరు 1న జరిగింది స్పెయిన్ రాజ్యాంగ న్యాయస్థానం ఆపమన్న రెఫరెండం. పోలీసులు బ్యాలెట్ పెట్టెలు లాక్కున్నారు. ఓటేసింది 43 శాతం, అందులో 90 శాతం అవును. వద్దనేవాళ్లలో ఎక్కువమంది అసలు వెళ్లలేదు. కాబట్టి ఎవరు గెలిచారో రెండు వైపులా ఎవరి లెక్క వాళ్లదే. అసలు లెక్క డిసెంబరు 21 ఎన్నికల్లో తేలింది. పోలింగ్ 79 శాతం. స్వాతంత్ర్య పార్టీలన్నిటికీ కలిపి 135లో 70. కానీ ఎక్కువ ఓట్లు, ఎక్కువ సీట్లు వచ్చిన ఒంటరి పార్టీ ఏది? స్పెయిన్‌లోనే ఉండాలనే సియుదదాన్స్! 36 సీట్లు. మాడ్రిడ్‌లో అప్పుడు ఏలుతున్న పీపుల్స్ పార్టీ(పీపీ)కి కాటలోనియాలో నాలుగే మిగిలాయి.

అక్కడ దామాషా పద్ధతి, ఓట్ల శాతాన్ని బట్టి సీట్లు. అందుకే స్కాట్లాండ్‌లా ఊడ్చివేత రాదు. రెండు గుంపుల సైజు పెద్దగా మారదు, గుంపు లోపల ఎవరు ముందు అన్నదే మారుతూ ఉంటుంది. స్వాతంత్ర్యవాదుల్లో జుంట్స్, ఈఆర్‌సీ అనే రెండు పార్టీలు ఒకరి గొంతు ఒకరు పట్టుకున్నారు. ఇవతలివైపు "అందరికంటే గట్టిగా వద్దనేది ఎవరు" అన్న పోటీలో సియుదదాన్స్ వచ్చింది. ఆ వేడి తగ్గాక 2021లో దానికి 6, 2024లో సున్నా. 2024లో సోషలిస్టు సాల్వడోర్ ఇల్యా 42 సీట్లతో ముందుకొచ్చి అధ్యక్షుడయ్యాడు, స్వాతంత్ర్య పార్టీలు మెజారిటీ పోగొట్టుకున్నాయి.

పాత పార్టీల గతి కూడా చూడండి. దశాబ్దాల పాటు కాటలోనియాని ఏలిన సీఐయూ అనే కూటమి, విడిపోవాలా వద్దా అన్న ప్రశ్న దగ్గరే 2015లో రెండు ముక్కలైంది. రెఫరెండం జరగక ముందే!

#18 పాత పేపర్లు

సీఐయూ ముక్క మంచి పాయింట్. "మాది ఈ ప్రాంతపు పార్టీ, విడిపోవడం సంగతి తర్వాత చూద్దాం" అని గోడ మీద కూర్చున్నవాళ్లని ఈ ప్రశ్న ముందుగా మింగుతుంది. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం.

ఇంకో సంగతి ఈ చర్చలో ఎక్కడా రాలేదు. రెఫరెండం స్కాట్లాండ్‌లో జరిగింది, ఎన్నికల దెబ్బ ఇంగ్లాండ్‌లో కూడా పడింది. 2015లో టోరీలు ఒక పోస్టర్ వేశారు. సాల్మండ్ కోటు జేబులో లేబర్ నాయకుడు ఎడ్ మిలిబాండ్, బొమ్మలా. లేబర్ ప్రభుత్వం వస్తే ఎస్‌ఎన్‌పీ చెప్పినట్టు ఆడుతుందని అర్థం. ఇంగ్లాండ్ ఓటర్లలో అదొక భయం పెట్టింది. ఎంత పని చేసిందన్నది ఇప్పటికీ వాదనే, కానీ కామెరాన్‌కి 331 సీట్లతో సొంత మెజారిటీ వచ్చింది. మెజారిటీ వచ్చింది కాబట్టి యూరోపియన్ యూనియన్ మీద రెఫరెండం పెడతానన్న హామీ నిలబెట్టుకోక తప్పలేదు. ఒక రెఫరెండం ఇంకో రెఫరెండానికి దారి వేసిందన్నమాట.

#19 క్లైడ్ ఒడ్డున

ఆ రెండోది వచ్చి మొదటిదాన్ని కలగాపులగం చేసింది. 2016 జూన్‌లో స్కాట్లాండ్ 62 శాతం ఈయూలోనే ఉందామంది, బ్రిటన్ మొత్తం పోదామంది. సాల్మండ్ తర్వాత ఎస్‌ఎన్‌పీ నాయకురాలైన నికోలా స్టర్జన్ ఇదే అదనుగా మళ్లీ రెఫరెండం అంది. కానీ ఎస్‌ఎన్‌పీ ఓటర్లలో ఈయూ నచ్చనివాళ్లు కూడా ఉన్నారు, ముఖ్యంగా ఈశాన్య తీరంలో చేపల వేట మీద బతికే ఊళ్లలో. 2017 ఎన్నికల్లో ఆ ప్రాంతమే ఎదురు తిరిగింది. సాల్మండ్ ఓడిపోయాడు. వెస్ట్‌మినిస్టర్‌లో పార్టీ నాయకుడు ఆంగస్ రాబర్ట్‌సన్ ఓడిపోయాడు. 56 కాస్తా 35 అయ్యాయి. టోరీలకు 13.

ఆ పదమూడే అప్పటి ప్రధాని థెరిసా మే కుర్చీని నిలబెట్టాయి. ఆమెకి వచ్చినవి 318, ఉత్తర ఐర్లాండ్ పార్టీ డీయూపీ ఎంపీలు పదిమందిని కలుపుకుని గట్టెక్కింది. స్కాట్లాండ్‌లో ఆ పదమూడు రాకుండా ఉంటే ఆ లెక్క కుదిరేది కాదు.

#20 ప్రశ్నార్థకం

గెలిచిన రెఫరెండాల సంగతి కూడా ఎవరైనా చెబుతారా? అప్పుడు స్వాతంత్ర్యం తెచ్చిన పార్టీకి ఎదురుండదు కదా?

#21 మాపుల్ ఆకు

కొన్నాళ్లు ఉండదు. మాంటెనెగ్రోలో సెర్బియా నుంచి విడిపోవడానికి 2006 మే 21న 55 శాతం దాటాలని షరతు పెడితే 55.5 వచ్చింది. అది సాధించిన జుకనోవిచ్ పార్టీ ఆ తర్వాత వరసగా గెలిచి, 2020లో గానీ గద్దె దిగలేదు. తూర్పు తిమోర్‌లో 1999లో 78.5 శాతం ఇండోనేషియా నుంచి స్వాతంత్ర్యం అన్నారు. పోరాటం నడిపిన ఫ్రెటిలిన్ 2001లో 88కి 55 సీట్లు గెలిచింది, 2007కల్లా 65లో 21కి దిగింది. దేశం వచ్చేశాక జనం రోడ్లు, ఉద్యోగాల గురించి అడగడం మొదలుపెడతారు. ఈ సబ్జెక్టు వేరే థ్రెడ్‌కి సరిపడా ఉంది, ఇక్కడ ఆపుతా.

#22 లెక్కల మాస్టారు

అసలు ప్రశ్నకి రెండో సగం మిగిలిపోయింది. 2015లో ఊడ్చేసిన ఎస్‌ఎన్‌పీ 2024 జులైలో 57లో 9 సీట్లకి వచ్చింది. లేబర్ 37. నాకు ఇష్టమైన లెక్క ఇది: 2015లో ఎస్‌ఎన్‌పీకి 14.54 లక్షల ఓట్లు, 2024లో దాదాపు 7.25 లక్షలు. సరిగ్గా సగం! లేబర్ 35 శాతం ఓట్లతో 37 సీట్లు పట్టుకుపోతే, 30 శాతం తెచ్చుకున్న ఎస్‌ఎన్‌పీకి 9. ఏ పద్ధతి పైకెత్తిందో అదే పద్ధతి కింద పడేసింది.

మరి ఆ ఎన్నికల నాటికి స్వాతంత్ర్యం కోరేవాళ్లు సగమయ్యారా అంటే, లేదు. సర్వేల్లో ఆ మద్దతు నలభైల్లోనే, 2014 నాటి స్థాయికి అటూ ఇటూగా ఉంది. కోరిక అలాగే ఉంది, ఆ కోరికకీ పార్టీకీ మధ్య ముడి వదులైంది.

#23 పాత పేపర్లు

ఆ ముడి ఎప్పుడు వదులైందో తేదీతో సహా చెప్పొచ్చు. 2022 నవంబరు 23. వెస్ట్‌మినిస్టర్ ఒప్పుకోకుండా రెఫరెండం చట్టం చేసే అధికారం హోలీరూడ్‌కి లేదని బ్రిటన్ సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తేల్చింది. "మాకు ఓటేస్తే రెఫరెండం తెస్తాం" అనే మాట అక్కడితో చెల్లని చెక్కు అయింది. మూడు నెలలకి స్టర్జన్ రాజీనామా, తర్వాత పార్టీ నిధుల మీద పోలీసు విచారణలో అరెస్టులు, ఆమె తర్వాత వచ్చిన హంజా యూసఫ్ ఏడాది తిరిగేసరికి దిగిపోవడం. రెఫరెండం వచ్చే దారి మూసుకుపోయాక ఓటరు ఆసుపత్రుల క్యూలు, టోరీలను దింపడం గురించి ఆలోచించాడు. దింపగలిగేది లేబర్. గ్లాస్గో మళ్లీ లేబర్‌కి తిరిగొచ్చింది.

#24 లెక్కల మాస్టారు

కోర్టు తీర్పు ఒక్కటే కాదేమో, పదిహేడేళ్ల అధికారం మీద విసుగు కూడా ఉంది. అది ఏ పార్టీకైనా తప్పదు. కానీ నా మొదటి మాట మీద ఇప్పటికీ ఉన్నా: 2014లో "అవును" అన్నవాళ్లే 2015లో ఎస్‌ఎన్‌పీ. 16 లక్షలు, 14.5 లక్షలు. ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఇంకేం సాక్ష్యం కావాలి?

#25 క్లైడ్ ఒడ్డున

మాస్టారూ, అంకెలు పక్కపక్కన ఉంటే మనుషులు కూడా ఒకరే అనుకోవద్దు.

పైన ప్రశ్నార్థకం గారు అడిగారు, చెప్పనన్నాను. ఇప్పుడు సగం చెబుతా. 2015 మేలో కూడా నేను గ్లాస్గోలోనే ఉన్నా, కామన్వెల్త్ పౌరులకి పార్లమెంటు ఎన్నికల్లోనూ ఓటుంది. సెప్టెంబరులో వెళ్లిన బూత్‌కే మేలో వెళ్లా. రెండుసార్లూ చేతికి పెన్సిలే ఇచ్చారు. సెప్టెంబరులో నేను గీసిన గీతకీ, మేలో గీసినదానికీ మీ సిద్ధాంతం ప్రకారం పొత్తు కుదరదు. మా వీధిలో అలా వేసినవాళ్లు ఇంకో ఇద్దరు నాకు తెలుసు, వాళ్లు కూడా నాలాగే సగమే చెప్పారు.

ఆ 14.54 లక్షల్లో మమ్మల్ని ఉంచుతారో తీసేస్తారో మీరే చూసుకోండి.